పక్క ఊరికి వెళ్ళిన మంచం

రెండు వేల ఇరవై మార్చి మొదట్లో ఎష్‌బోర్న్ అనే జర్మన్ ఊళ్ళో కొత్త ఇంటికి మారేనాటికి మాకు సొంతంగా ఒక్క కుర్చీ కూడా లేదు. అంతకుముందు ఉన్నది సామానుతో సహా అద్దెకిచ్చిన ఒంటిగది ఇల్లు. మంచం, బల్ల, చివరికి చెంచాలు కూడా ఇంటివాళ్ళవే. నా భార్యకు నెలలు నిండుతున్నాయి. పురుడు చూసుకోవడానికి మా అత్తగారు తణుకు నుంచి అప్పటికే వచ్చేశారు. పిల్ల పుడితే ఒంటిగదిలో ఎలాగని, దొరికిందే చాలనుకుని ఈ రెండు గదుల ఇల్లు పట్టుకున్నాం.

ఈ దేశంలో ఖాళీ ఇల్లంటే నిజంగా ఖాళీగానే ఇస్తారు. బల్బు ఉండాల్సిన చోట కప్పు నుంచి రెండు తీగలు వేలాడుతుంటాయి. మా అదృష్టం కొద్దీ ముందున్నవాళ్ళు వంటగది అల్మారాలు వదిలేసి వెళ్ళారు. అత్తగారు గదులన్నీ తిరిగి చూసి, "పెళ్ళివారు ఖాళీ చేసిన విడిదిల్లులా ఉందండి అల్లుడుగారూ," అన్నారు. మాట గోడలకు తగిలి తిరిగి వినిపించింది.

అన్నిటికన్నా ముందు మంచం కొనాలనుకున్నాం. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. కింద కూర్చుంటే లేవలేరు. ఊరి బయట ఉన్న పెద్ద ఫర్నిచర్ షాపుకు ముగ్గురం వెళ్ళాం. ఆవిడ ఒక్కో మంచం మీదా కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుని, చివరికి తలవైపు మూల గుండ్రంగా ఉన్న తేనెరంగు చెక్కది ఒకటి ఎంచుకున్నారు. "ఇది బావుందే. కాళ్ళు నేలకి ఆనుతున్నాయి," అన్నారు కూతురితో. దానితోపాటు కొన్న రెండు పరుపులూ మా ఆఫీసు మిత్రుడి కారులో వేసుకుని వచ్చేశాం. మంచం మాత్రం షాపువాళ్ళే తెచ్చి బిగిస్తామన్నారు. రసీదు మీద డెలివరీ అన్నచోట 'కేడబ్ల్యూ 12' అని ఉంది.

"కేడబ్ల్యూ అంటే ఏంది?" అని నా భార్యను అడిగాను. జర్మన్ నాకంటే తనకే బాగా వచ్చు.

"కిలోవాట్ అయ్యుంటుందా?"

"మంచానికి కరెంటెందుకే?" అన్నారు అత్తగారు.

మర్నాడు ఆఫీసులో అడిగితే తెలిసింది, అది సంవత్సరంలో పన్నెండో వారం అని. ఇక్కడివాళ్ళు వారాలను కూడా అంకెలతోనే పిలుచుకుంటారు. పన్నెండో వారం అంటే ఏ తేదీనో కాలెండరు తిరగేసి వెతుక్కున్నాం. ఈలోపే ఆఫీసు మూసేశారు, షాపులు మూసేశారు, విమానాలు ఆపేశారు. పన్నెండో వారం ఇంటి కిటికీ దగ్గర నిలబడి ఖాళీ రోడ్డును చూడటంలోనే గడిచిపోయింది.

తర్వాత షాపు నుంచి ఒక మెయిల్ వచ్చింది. ప్రస్తుత పరిస్థితుల దృష్ట్యా మా మంచం పదిహేనో వారంలో వస్తుందట. ఆ వారం వచ్చేసరికి పదిహేడు అన్నారు. నాకు కోపం రావాలో వద్దో కూడా అర్థం కాని రోజులవి. టీవీలో చూస్తే ఆసుపత్రుల వరండాల్లో మనుషులు. ఇక్కడ నేను మంచం రాలేదని విసుక్కుంటున్నాను. కానీ పొద్దున లేచేసరికి, నేల మీద పరుపు నుంచి లేవడానికి అత్తగారు ముందు బోర్లా తిరిగి, తర్వాత చేతుల మీద లేచి, కిటికీ కింద హీటరు పట్టుకుని "రామా" అంటూ నిలబడటం చూస్తే, పరిస్థితుల దృష్ట్యా అనే మాట మీద ఒళ్ళు మండేది. నా భార్యదీ అదే అవస్థ. తనను లేపడానికి నేను, తల్లిని లేపడానికి తను. ఒకరోజు ఇద్దరూ ఒకేసారి లేవబోయి ఒకరినొకరు పట్టుకుని మళ్ళీ పరుపు మీద పడి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. నేను గుమ్మంలో నిలబడి, నవ్వుతున్నారా ఏడుస్తున్నారా అని కంగారుపడ్డాను.

ఏప్రిల్లో ఒక ఉదయం నొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రికి ఒక్కరినే తోడు రానిస్తామన్నారు. అత్తగారు తన కూతురి పురుడు కోసం సముద్రాలు దాటి వచ్చి, ఆ రోజు ఇంట్లో ఒక్కరే ఉండిపోవాల్సి వచ్చింది. వెళ్ళేముందు ఆవిడకు ఒకటే చెప్పాను.

"అత్తమ్మా, ఎవరొచ్చినా తలుపు తియ్యొద్దు. బెల్లు కొడితే కొట్టనియ్యిండ్రి. పోలీసులైనా సరే."

"అలాగే బాబూ. మీరు దాన్ని చూస్కోండి."

సాయంత్రానికి పాప పుట్టింది. వీడియోలో చూపిస్తే అత్తగారు ఫోనును రెండు చేతులా పట్టుకుని మొహానికి దగ్గరగా తెచ్చుకున్నారు. కాసేపటికి, "ముక్కు మీ వాళ్ళదేనండి," అన్నారు. ఆ తర్వాత, "అన్నట్టు మధ్యాహ్నం ఎవరో బెల్లు కొట్టారండి. మూడుసార్లు కొట్టారు. మీరు చెప్పారు కదా, నేను తియ్యలేదు," అన్నారు.

నేను ఆ మాట అప్పుడే మరిచిపోయాను. మర్నాడు మెయిల్ చూసుకుంటే షాపువాళ్ళది ఒకటి ఉంది. మీ మంచం నిన్న డెలివరీ అయింది, ఉత్తమమైన నిద్ర మీ సొంతం కావాలని కోరుకుంటున్నాం అని.

నేను ఆసుపత్రి నుంచి పరుగున ఇంటికొచ్చాను. గుమ్మం ముందు ఏమీ లేదు, మెట్ల కింద కూడా లేదు. అత్తగారి మొహం పాలిపోయింది.

"అయ్యబాబోయ్, అయితే నిన్న కొట్టింది మంచం వాళ్ళాండి? నేను చేతులారా వెనక్కి పంపేశానా?"

"వెనక్కి పోలేదత్తమ్మా. ఇచ్చినమంటున్నరు. సంతకం కూడా ఉంది."

"ఎవరు పెట్టారండి సంతకం?"

అదే నాకూ తెలియలేదు. షాపువాళ్ళ వెబ్‌సైట్‌లో సంతకం కనిపిస్తోంది. దారం చిక్కుపడ్డట్టు ఒక గీత. ఫోను తిప్పి చూశాను, పెద్దది చేసి చూశాను. ఏ అక్షరమూ దొరకలేదు.

ఇక్కడ ఇంట్లో మనిషి లేకపోతే పార్సిల్ పక్కింటివాళ్ళకు ఇచ్చి వెళ్ళడం మామూలే. మాస్కు పెట్టుకుని మా బిల్డింగులో ప్రతి తలుపూ తట్టాను. అప్పటిదాకా వాళ్ళెవరితోనూ నేను మాట్లాడింది లేదు. పై అంతస్తు ఆవిడ తలుపు సందులోంచి నాలుగు వేళ్ళు బయటపెట్టి లేదన్నట్టు ఊపింది. కింది ఇంటాయన 'మంచమా?' అని అడిగి, నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని తొంగిచూశాడు. బిల్డింగు బాగోగులు చూసే హౌస్‌మైస్టర్ నన్ను కెల్లర్‌లోకి, అంటే నేలమాళిగలోకి తీసుకెళ్ళి టార్చి వేసి చూపించాడు. అక్కడ సైకిళ్ళు, మంచు మీద జారే బండ్లు, ఎవరిదో పాత వాషింగ్ మెషీను ఉన్నాయి. "మంచం ఇక్కడుంటే నాకు తెలుస్తుంది," అన్నాడు ఆయన. నిజమే, మంచం దాచేంత జాగా అక్కడ లేదు.

పాపను ఇంటికి తెచ్చాక అత్తగారు పాతకాలం పద్ధతిలో కింద కూర్చుని, కాళ్ళు చాపి, వాటి మీద పాపను పడుకోబెట్టి నూనె రాసి నీళ్ళు పోసేవారు. మోకాళ్ళ నొప్పి ఆ కాసేపు గుర్తుండేది కాదేమో. పాపను కూతురి చేతికి ఇచ్చాక మాత్రం చాలాసేపు అలాగే కూర్చుండిపోయేవారు. నేను చెయ్యి అందిస్తే, "వద్దులెండి, నేనే లేస్తాను," అనేవారు. బెల్లు సంగతి ఆవిడ మనసులోంచి పోలేదు. బయట ఏ లారీ ఆగినా కిటికీ దగ్గరకు వెళ్ళేవారు.

షాపువాళ్ళకు ఫోన్ చేయడం నా పనైంది. పాట వినిపించేది, పాట ఆగేది, మనిషి వస్తాడనుకుంటే మళ్ళీ పాట వచ్చేది. మనిషి దొరికాక నేను ముందే రాసిపెట్టుకున్న జర్మన్ వాక్యాలు చదివేవాణ్ణి. అవతలివాళ్ళు ఏదో అడిగేవారు. ఈ భాషలో కూడా మన తెలుగులాగే అసలు క్రియ తరచూ వాక్యం చివరన వస్తుంది కనుక, వాళ్ళు ఇచ్చారంటున్నారో ఇవ్వలేదంటున్నారో చివరిదాకా ఊపిరి బిగబట్టి వినాలి. అంతా విన్నాక, "మంచం మీ దగ్గరే ఉంది," అనేవారు.

"లేదండీ, నా దగ్గర లేదు."

"ఉందని ఇక్కడ కనిపిస్తోంది."

"మీకు కనిపిస్తోంది, నాకు కనిపించడం లేదు."

అవతల కీబోర్డు చప్పుడు. తర్వాత పాట.

మే నెలలో ఒక రోజు ఒక కుర్రగొంతు దొరికింది. అతనికి ఓపికెక్కువ. డెలివరీ ఇచ్చిన చిరునామా మొత్తం చదివి వినిపించమన్నాను. చదివాడు. వీధి పేరు మాదే, బాన్‌హోఫ్‌స్ట్రాసె, అంటే స్టేషన్ వీధి. ఇంటి నంబరు మాదే. పిన్‌కోడు మాత్రం మాది కాదు. మ్యాపులో చూస్తే అది పక్క ఊరిది. ఈ దేశంలో రైలాగే ప్రతి ఊళ్ళోనూ ఒక స్టేషన్ వీధి ఉంటుందని నాకు అంతకుముందు తట్టలేదు.

ఈ సంగతి చెప్పగానే అత్తగారు ఒక్కసారిగా తేలికపడ్డారు. "అయితే నా తప్పేం లేదన్నమాట," అన్నారు. వెంటనే మళ్ళీ నుదురు ముడిపడింది. "మరి ఆ రోజు బెల్లు కొట్టిందెవరండి?"

మర్నాడు పొద్దున సైకిలు మీద బయలుదేరాను. పొలాల మధ్య దారి. యాపిల్ చెట్లు పూత రాల్చేసి చిగురు మీద ఉన్నాయి. దారి పొడవునా ఒకే వాక్యాన్ని పైకి అనుకుంటూ వెళ్ళాను. "క్షమించండి, నా మంచం పొరపాటున మీ ఇంటికి వచ్చింది." జర్మన్‌లో నేను తయారుచేసుకున్న వాక్యాలన్నిటిలోకీ అది పెద్దది. కుక్కను తిప్పుతున్న ఒకావిడ నన్ను చూసి దూరంగా తప్పుకుంది, రోగం భయమో లేక నా మంచం మాటలకో.

అది చిన్న పాత ఇల్లు, కిటికీలకు తెల్లటి లేసు తెరలు. బెల్లు కొట్టగానే ఒక ముసలాయన తలుపు తీశాడు. పొడుగ్గా ఉన్నాడు, చొక్కా మీద ఊలు కోటు వేసుకున్నాడు. నన్ను చూడగానే మొహం వికసించింది.

"వచ్చేశారా! మనిషిని పంపుతామన్నారు గానీ ఇంత తొందరగా వస్తారనుకోలేదు. రండి, రండి. బూట్లు విప్పనక్కర్లేదు."

నా వాక్యం నోట్లోనే ఉంది. ఆయన అప్పటికే వెనక్కి తిరిగి లోపలికి నడుస్తున్నాడు. వెంట వెళ్ళక ఏం చేస్తాను?

పడకగదిలో కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. మధ్యలో మా మంచం. తేనెరంగు చెక్క, తలవైపు అదే గుండ్రటి మూల. దాని అంచున ఒక ముసలావిడ చంకకర్రలు పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. పువ్వుల గుడ్డతో ఇంట్లో కుట్టిన మాస్కు పెట్టుకుంది. ఆవిడకు తుంటి ఆపరేషను అయిందని, పాత మంచం బాగా కిందికి ఉండటంతో ఆసుపత్రి నుంచి వచ్చాక సోఫాలోనే కూర్చుని నిద్రపోయేదని, అప్పుడే ఇది వచ్చిందని ఆయన చెప్పుకుపోయాడు. సగం నాకు అర్థమైంది. సగం ఆయన చేతులు చెప్పాయి.

"మా అబ్బాయి పంపాడు," అంది ఆవిడ, చెక్కను అరచేత్తో నిమురుతూ. "హాంబుర్గ్‌లో ఉంటాడు. ఇప్పుడు రావడానికి లేదు కదా. మాకు చెప్పకుండా పంపేశాడు."

"అడిగితే ఒప్పుకోడు," అన్నాడు ఆయన. "థాంక్స్ చెబితే, సరేలే నాన్నా అంటాడు. చిన్నప్పటినుంచీ అంతే."

నేను షాపు నుంచి వచ్చిన మరమ్మతు మనిషినని వాళ్ళు అనుకుంటున్నారని అప్పటికి తెలిసింది. మంచం కదిలితే కిర్రుమంటోందని ఆయన షాపుకు ఫోన్ చేశాడట. నేను నా వాక్యాన్ని మొదలుపెట్టాను. "క్షమించండి, నా మంచం..." అన్నాను.

"అవును, మంచమే. ఇదిగో, ఈ కాలు," అని ఆయన మోకాళ్ళ మీద వంగి చూపించాడు. నా చేతికి ఒక రెంచి ఇచ్చాడు.

ఆ క్షణం గురించి తర్వాత చాలాసార్లు ఆలోచించాను. నేను మొహమాటస్థుడినా, జాలిపడ్డానా, భాష చేతకాలేదా? ఏదీ సరిగ్గా కుదరదు. చేతికి రెంచి వచ్చింది, ఎదురుగా వదులైన నట్టు ఉంది, బిగించాను. ఆవిడ అటూ ఇటూ కదిలి చూసి, శబ్దం రాలేదని చిన్నపిల్లలా తలూపింది. ఆయన నా వెంట గుమ్మం దాకా వచ్చాడు. షాపువాళ్ళు ఏమైనా అడగాల్సివస్తే అని ఒక చీటీ మీద తన ఫోన్ నంబరు రాసిచ్చి, మా పెరటి పళ్ళతో చేసింది అంటూ రేగుపళ్ళలాంటి ఊదారంగు పళ్ళ జామ్ సీసా ఒకటి నా చేతిలో పెట్టాడు.

ఇంటికొచ్చేసరికి నా భార్య పాపను భుజాన వేసుకుని గుమ్మంలోనే ఉంది.

"దొరికిందా?"

"దొరికింది."

"ఎప్పుడు తెస్తారంట?"

నేను సీసా చూపించాను. జరిగింది చెప్పాను. తను సీసా వైపు, నా వైపు చూసింది.

"మంచం కోసం వెళ్ళి, దానికి రిపేరు చేసి, జామ్ తీసుకొచ్చావా?"

"ఎట్ల చెప్పాల్నో సమజ్ కాలే."

"మా అమ్మ నేల మీద పడుకుంటుంది. అది సమజ్ అయిందా?"

తను నా యాస పట్టి మాట్లాడిందంటే కోపం నషాళానికి ఎక్కిందని అర్థం. పాపను నాకిచ్చి, చీటీ లాక్కుని ఫోన్ చేసింది. తన జర్మన్ నెమ్మదిగా, స్పష్టంగా ఉంటుంది. మొదటి రెండు వాక్యాలు గట్టిగానే అంది. తర్వాత గొంతు తగ్గింది. తర్వాత వినడమే. ఫోను పెట్టేసి గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఏమన్నడు?"

"కొడుక్కి ఫోన్ చేసి కనుక్కుంటాను అన్నాడు. ఆయన గొంతు విని ఉండాల్సింది నువ్వు. నేనేదో దొంగతనం చేసినట్టు అనిపిస్తుంది. మంచం పోయింది మనది కదా!"

ఆ సాయంత్రమే హాంబుర్గ్ నుంచి కొడుకు ఫోన్ చేశాడు. ఇంగ్లీషులో మాట్లాడాడు కనుక నేనే తీసుకున్నాను. సిగ్గుపడుతున్నట్టు దగ్గాడు చాలాసార్లు. మంచం తాను పంపలేదట. నాన్న థాంక్స్ చెబితే, చెల్లెలు పంపి ఉంటుందనుకున్నాడట. ఆ మాట నాన్నకు చెబితే, మరి నువ్వెందుకు పంపలేదని ఆయన అనుకుంటాడని ఊరుకున్నాడట. ఇప్పుడు చెల్లెలిని అడిగితే, ఆవిడ అన్న పంపాడనే అనుకుందట. అన్నాచెల్లెళ్ళ మధ్య కొన్నాళ్ళుగా మాటలు తక్కువట. పరాయివాణ్ణి, నాకెందుకు చెబుతున్నాడో తెలియలేదు. మొత్తం విని నేను "ఐ సీ" అన్నాను. ఏం చూశానో నాకే తెలియదు.

"మీ మంచం విప్పించి పంపేస్తాను. మా అమ్మకు వేరేది చూస్తాను," అన్నాడు చివరికి.

ఆ మాట అత్తగారికి చెప్పాను. ఆవిడ వెంటనే చేతులు అడ్డంగా ఊపారు.

"వద్దండి బాబూ! ఆసుపత్రి నుంచొచ్చిన మనిషి ఇన్నాళ్ళు పడుకున్న మంచం. ఈ రోగాల రోజుల్లో దాని పక్కన పసిపిల్లని పడుకోబెడతామా? డెట్టాలు పెట్టి కడిగినా నాకు మనసొప్పదు. ఆవిణ్ణే పడుకోమనండి."

"అమ్మా, ఆవిడకైంది తుంటి ఆపరేషనే," అంది నా భార్య.

"ఏదైతేనేం, ఆసుపత్రి ఆసుపత్రే కదా." కాస్త ఆగి, "లేచి నడుస్తోందా అండి ఆవిడ?" అని నన్ను అడిగారు.

"కర్రలు పట్టుకొని నడుస్తుందత్తమ్మా."

"ఊఁ," అన్నారు. ఆవిడ వద్దన్నది భయంతోనా, ఇంకెందుకోసమైనానా అని నేను అడగలేదు. అడిగినా భయంతోనే అని చెప్పేవారు.

అలా మా మంచం అక్కడే ఉండిపోయింది. దానికి బదులు కొడుకు కొత్తది మా చిరునామాకు ఆర్డరు పెడతానన్నాడు. పిన్‌కోడు రెండుసార్లు చెప్పించుకున్నాడు. మేమెంచుకున్న మోడలు ఎప్పుడొస్తుందో షాపువాళ్ళే చెప్పలేకపోయారు. వెంటనే దొరికేది ఒకటే ఉందట, పెద్దవాళ్ళ కోసం ఎత్తుగా చేసింది. ఏదైనా సరే అన్నాం.

జూన్‌లో అది వచ్చింది. లారీ ఆగింది, ఇద్దరు మనుషులు దిగారు, పొడుగాటి అట్టపెట్టెలు రోడ్డు పక్కన గట్టు మీద నిలబెట్టారు. పైకి తెచ్చి బిగిస్తారు కదా అని అడిగితే, దూరంగా నిలబడి "కరోనా" అన్నారు. అంతే, వెళ్ళిపోయారు. సన్నగా వాన మొదలైంది. నేను పెట్టెల మీద నా జాకెట్ కప్పి, ఏది ముందు ఎత్తాలా అని చూస్తుండగా పాత ఎర్ర కారు ఒకటి వచ్చి ఆగింది. అందులోంచి ముసలాయన దిగాడు. మాస్కు, చేతిలో పనిముట్ల పెట్టె. ఏ రోజు వస్తుందో కొడుకును అడిగి తెలుసుకున్నాడట. నేను వద్దంటున్నా వినకుండా ఒక పెట్టె చివర పట్టుకున్నాడు.

బిగించడం మాకిద్దరికీ సరిగా చేతకాలేదు. ఆయన రిటైరయ్యే దాకా ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేశాడట. నాకు కంప్యూటరు తప్ప ఏదీ తెలియదు. తలవైపు చెక్కను కాళ్ళవైపు పెట్టి స్క్రూలన్నీ బిగించాక, నా భార్య గుమ్మంలోంచి కాగితం మీది బొమ్మ చూసి, "రెండూ తారుమారయ్యాయి," అంది. మళ్ళీ అన్నీ విప్పాం. నేల మీద ఎదురెదురుగా కూర్చుని విప్పుతుండగా ఆయన తలెత్తకుండానే అడిగాడు.

"ఆ రోజే నీకు తెలుసు కదా, అది నీ మంచమని. మరి ఎందుకు బిగించావు?"

నేను జర్మన్‌లో వెతుక్కున్నాను. తెలుగులో కూడా వెతుక్కున్నాను. "తెలియదు," అన్నాను.

ఆయన తలూపాడు. "నాకూ ఏదో తేడాగా అనిపించింది. షాపు మనిషి వస్తువును అలా చూడడు. కానీ అడిగితే ఏం చెబుతావోనని అడగలేదు."

ఆ తర్వాత ఇద్దరం పని మీదే పడ్డాం. అయ్యాక బాల్కనీ తలుపు దగ్గర దూరంగా నిలబెట్టి ఆయనకు టీ ఇచ్చాం. అత్తగారు సున్నుండలు ఒక గిన్నెలో పెట్టి నేల మీద ఉంచి, రెండడుగులు వెనక్కి వచ్చారు. ఆయన కొరికి, ఇందులో వెన్న ఉందా అని అడిగాడు. నెయ్యి అని చెప్పడానికి జర్మన్ మాట మా ఎవరికీ రాలేదు. అత్తగారు తెలుగులోనే, "మీ ఆవిడకి పట్టుకెళ్ళండి, ఎముకలకి బలం," అని గిన్నెను వేలితో చూపించారు. ఆయన ఏమనుకున్నాడో గానీ గిన్నెతో సహా తీసుకెళ్ళాడు.

ఆ మంచం నిజంగానే ఎత్తు. అత్తగారు కూర్చుంటే పాదాలు గాలిలో వేలాడాయి. "రైల్లో మధ్య బెర్తు ఎక్కినట్టుందే," అన్నారు. స్నానాల గదిలోని ప్లాస్టిక్ పీట తెచ్చి వేస్తే దాని మీద కాలు పెట్టి ఎక్కేవారు. కానీ దిగడం తేలికైంది. జారితే చాలు, నిలబడి ఉండేవారు. ఆ మొదటి ఉదయం హీటరు పట్టుకోకుండా నడిచి వంటగదిలోకి వచ్చి, నన్ను చూసి, స్టవ్ వెలిగించారు.

జూలై చివర్లో, ఇక్కడ చిక్కుకుపోయినవాళ్ళను తీసుకెళ్ళే ప్రత్యేక విమానాలలో ఒకదానిలో ఆవిడకు సీటు దొరికింది. ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలో మొహానికి ప్లాస్టిక్ అద్దం తొడుక్కుని నిలబడితే, ఆ అద్దం ఊపిరికి మసకబారి, ఆవిడ మొహం మాకు సరిగా కనిపించలేదు. పాప నిద్రపోతోంది. లేపొద్దన్నారు.

ఆవిడ వెళ్ళిన మరుసటి వారం పొద్దున్నే బెల్లు మోగింది. కిందికి వెళ్ళేసరికి లారీ మలుపు తిరుగుతోంది. రోడ్డు పక్కన గట్టు మీద పొడుగాటి అట్టపెట్టెలు నిలబెట్టి ఉన్నాయి. పైన నా పేరు, మా ఊరు, మా పిన్‌కోడు. తేనెరంగు చెక్క, గుండ్రటి మూల, మేము మొదట ఎంచుకున్న మంచమే. నేను మళ్ళీ షాపుకు ఫోన్ చేశాను.

"ఇంకో మంచం వచ్చింది. మేము అడగలేదు."

అవతలామె చాలాసేపు కీబోర్డు కొట్టింది. "మీకు ఒక మంచం వచ్చింది, ఏప్రిల్లో. మీరే సంతకం పెట్టారు. ఆ తర్వాత మీ పేరు మీద మేమేమీ పంపలేదు."

"మరి నా ముందున్నది ఏంటండీ?"

"అది నాకు కనిపించడం లేదు," అంది ఆమె. అమర్యాదగా అనలేదు, నిజంగా బాధపడుతున్నట్టే అంది. తిరిగి తీసుకెళ్ళండంటే, పంపనిదాన్ని ఎలా తీసుకోగలమని అడిగింది. నాలుగుసార్లు మెయిల్ కూడా రాశాను. జవాబు రాలేదు.

హౌస్‌మైస్టర్‌ను బతిమాలి, సైకిళ్ళు ఒక మూలకు జరిపి, కెల్లర్‌లో వాషింగ్ మెషీను పక్కన పెట్టెలు సర్దాను. ఆ చలికాలంలో డెగ్గెన్‌డార్ఫ్ అనే ఊళ్ళో చదువు ముగించుకుని మా ఆఫీసులో చేరిన అమ్మాయి ఒకతి ఖాళీ ఇల్లు తీసుకుంది. కాకినాడ వైపు పిల్ల. నేల మీద పడుకుంటున్నానంటే కిందికి తీసుకెళ్ళి పెట్టెలు చూపించాం.

"ఎవరిదండీ ఇది?" అని అడిగింది.

నా భార్య, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "ముందు పట్టుకెళ్ళమ్మా," అంది నా భార్య. "చెప్పాలంటే చాలా టైమ్ పడుతుంది."